రాణెమ్మ గుర్రం

రెండువేల మూడు, ఎండాకాలం. ఉదయం ఏడింటికి అనంతపురం బస్టాండులో ఇడ్లీ తిని నేనూ అమ్మా శింగనమల బస్సెక్కాం. కిటికీ సీటు అమ్మకే. పుట్టింట్లో ఎవరూ మిగలక ఆమె అటు వెళ్లి ఎన్నేళ్లో అయింది.

ఇప్పుడు వెళ్తున్నది ఒక గుర్రం కోసం. పూర్వం ఆ సీమనేలిన రాణి, మొగుడు పోయాక తానే గుర్రమెక్కి శత్రువులను తరిమిందట, చెరువు కట్టించిందట. గుర్రం మీదున్న ఆమె శిలావిగ్రహాన్ని తన పుట్టినూర్లో చిన్నప్పుడు చూశానని అమ్మ చెప్పేది. "అబ్బో, మీ ఊర్లో గుర్రమెక్కే రాణులు గూడా ఉండారా!" అని నాయన ఏడిపించేవాడు. చనిపోయేదాకా నమ్మలేదు.

"ఈసారి నీకన్నా చూపీకుంటే నేను అబద్ధాలకోరునే" అంది అమ్మ.

శింగనమలలో దిగి అమ్మ ఊరికి ఆటో పట్టాం. దారి పొడుగునా బీడుపడ్డ చేలే. చెరువులో చుక్క నీరు లేదు. "ఈడే ఈత కొడ్తాంటిమి" అని అమ్మ మెడ తిప్పి తిప్పి చూసింది.

ఆ రాణినే రాణెమ్మగా కొలుస్తూ చిన్న గుడి కట్టారు. శిల నిండా పసుపు, పట్టుచీర, వెండి కళ్లు. గుర్రం జాడే లేదు. అమ్మ తెల్లబోయింది.

"చీర తీసి చూడొచ్చునా?"

"శుక్రవారమే తీసేది అక్కా" అంది పూజచేసే ఓబుళమ్మ.

"నేను ఈ ఊరి ఆడబిడ్డనమ్మా."

ఊళ్లో పుట్టిన ఆడపిల్ల ఏ రోజు వచ్చినా రాణెమ్మకు నీళ్లు పోయవచ్చు. అక్కడి ఆచారం అది. ఓబుళమ్మ వెంటనే ఇంట్లోంచి తాగేనీళ్ల బిందె తెచ్చింది. అంత కరువులో! నాకు కళ్లు చెమర్చాయి.

చీర తీసి, నీళ్లు పోసి, అమ్మ వేళ్లతో పసుపు రుద్దింది. ముందు కత్తి కనబడింది, తర్వాత నడుము. ఆ కింద అంతా సిమెంటు గచ్చే. గచ్చు మీదికి రెండు మొనలు పొడుచుకొచ్చి ఉన్నాయి.

"అవి కూర్చున్న అమ్మవారి పాదాలక్కా. దినామూ పసుపు పూస్తాం."

"పాదాలేందే? చెవులు! గచ్చు ఎత్తు పెంచి పెంచి గుర్రాన్ని పూడ్చేసినారు గదే!"

"అయ్యో శివా! ఇన్నాళ్లూ నేను మొక్కింది గుర్రం చెవులకా?"

అమ్మ పకపకా నవ్వింది. నాయన ఉండి ఉంటే ఎంత బాగుండేదో!

మూడింటికి తిరుగు బస్సు. ఊరు కరువులో చిక్కిపోయింది గానీ, ఆడబిడ్డ మాటకు విలువ మిగిలే ఉందనిపించింది. పక్క సీటు ఆమెకు అమ్మ అప్పుడే రాణి కథ మొదలుపెట్టింది.

"గుర్రమా? నిజంగానా?" అందామె.

అమ్మ నావైపు చూసింది.

"నిజమే. నేనూ చూసినా" అన్నాను.

"ఇది నా కూతురమ్మా, టీచరు. ఉత్త మాటలు చెప్పదు" అంది అమ్మ, బస్సంతా వినేలా.