అత్త కోసం ఎత్తిన బండి

మా ఆయన కొన్న పాత బక్కీకి నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందేది. ముందు ముగ్గురు పట్టే సీటు, వెనక సామాన్ల తొట్టి. కొండలెక్కే బండి అని చెప్పి అమ్మారు. నిజమే, ఖర్వాస్తాన్ పేట‌లో మా వీధి ఏటవాలు దానికో లెక్క కాదు. కానీ వయసు మీద పడి దాని కమాన్లు చదునైపోయాయి. చక్రాల మీద ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి విల్లులా వంగి బండిని మోస్తాయే, అవి. విల్లు చదునైతే బండి పొట్ట నేలకు దిగుతుంది.

దాని వల్ల ఇబ్బంది ఏడాదికి ఒక్క రోజే. ఆ ఒక్క రోజే మా అత్తకు ముఖ్యం.

చెరకు ఎస్టేటు లోపల రేకుల కప్పుతో చిన్న అమ్మవారి గుడి ఉంది. అత్త ఆ ఎస్టేటు కూలీల లైన్లలోనే పుట్టింది. చలికాలం పూజలో మొదటి అంబలి కుండ వాళ్ళమ్మ పోసేది, తరువాత అత్త పోస్తూ వచ్చింది. గుడికి తారు రోడ్డు లేదు. చెరకు ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతు గాడులు పడ్డాయి, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు మిగిలింది. ఎన్నికల్లో తెల్లవాళ్ళతో పాటు మేమంతా మొదటిసారి వరసలో నిలబడి ఓటేసిన ఏడాది చలికాలంలో, మా బక్కీ ఆ గట్టు మీద తాబేలులా కూర్చుండిపోయింది. చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. అత్త మోకాళ్ళు నడవనివ్వవు. నడిచి వెళ్తున్న ఆవిడ తోటికోడలి చేతిలో కుండ పెట్టి పంపాం. దూరంగా డప్పులు వినిపిస్తుంటే అత్త బండిలోనే కూర్చుంది.

ఇంటికొచ్చాక ఒకే మాట అంది. "వచ్చే ఏడు కూడా ఇలాగే అయితే, ఇంక కుండ ఆళ్ళింటికే ఇచ్చెయ్యండి."

నా బడి చదువు ఆరో తరగతితో ఆగింది. మిగతా చదువంతా లైబ్రరీలోనే. మా అమ్మ కాలంలో తెల్లవాళ్ళు మా వాళ్ళను గడప తొక్కనివ్వని పట్నం లైబ్రరీలో, శనివారం మధ్యాహ్నాలు కిటికీ పక్క బల్ల నాదే అన్నట్టు ఉండేదాన్ని. తెలుగు అక్షరాలు కూడా అక్కడే, ఎవరూ ముట్టని ఒక అర చివరన దొరికిన బాలశిక్షలో దిద్దుకున్నాను. బండి సంగతి కూడా అక్కడే తేలుతుందని నాకు అనుమానం లేదు.

తేలింది. బండ్ల మరమ్మతు పుస్తకం ఒకటి దొరికింది. మా బక్కీ చేసిన కంపెనీయే, అదే చట్రం మీద, ఎక్కువ బరువు మోసే ఇంకో రకం బండి చేసిందట. దాని కమాన్ల పట్టీలు మందం, వంపు ఎక్కువ. బిగించే చోట్లు మాత్రం ఒకటే. అవి తెచ్చి వేస్తే బండి దానంతటదే లేస్తుంది. అయితే ఆ బండి షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు కూడా తెచ్చుకోవాలి. లేకపోతే బండి లేచాక పాత బ్రేకు గొట్టం పొడవు చాలక తెగుతుంది.

మా ఆయన ఆలోచన వేరు. "ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టేద్దామే. ఒక పూట పని."

"చెప్పుల కింద ఇటుకలు కట్టుకుని గుడికి నడుస్తావేటయ్యా?" అన్నాను.

నేను బట్టల ఫ్యాక్టరీలో గోధుమరంగు కాగితం మీద నమూనాలు గీసి కత్తిరించే పని చేసేదాన్ని. కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. పుస్తకంలోని కొలతలతో, కావలసిన కమాను ఆకారం అసలు సైజులోనే కాగితం మీద గీసి, బోల్టు రంధ్రాలతో సహా కత్తిరించాను. దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని మార్‌బర్గ్‌లో పాత బండ్లు విప్పి అమ్మే యార్డుకు వెళ్ళాం.

తుప్పు పట్టిన కమాన్ల మీద నేను కాగితం పరుస్తుంటే యార్డు అతను చేతులు కట్టుకుని చూశాడు. "అక్కా, బండికి బ్లౌజు కుడతావా?"

"కుట్టి అద్దం ముందు నిలబెడతాను. వచ్చి సూడు తమ్ముడూ!"

మొదటి జత పొడవు చాలలేదు. రెండోదానికి ఒక పట్టీ చిట్లి ఉంది. యార్డు చివర, అడవి పనులకు తిరిగి అరిగిన ఒక బరువు బండి కింద ఉన్నది మాత్రం నా కాగితానికి అచ్చంగా సరిపోయింది. ముందువీ వెనకవీ, గొట్టాలతో సహా అన్నీ దాని నుంచే విప్పించాం.

బిగింపు ఒక శని, ఆదివారం పట్టింది. మా ఆయన బండి కింద, నేను స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుతూ.

"ఇప్పుడేటి బిగించాల?"

"ఏదీ గట్టిగా బిగించకు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు అని రాసుంది."

"ఈ రాసినోడు ఎప్పుడైనా బండి కింద పడుకున్నాడా?"

"పడుకునే రాశాడు. నువ్వు పడుకుని చదవలేవు గదా, అందుకే నేనున్నాను."

జాకీలు దించి ఆఖరి బిగింపు పూర్తిచేశాం. బండి ఠీవిగా నిలబడింది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలిచాను. నాలుగు మూలలా సమానంగా, నాలుగు వేళ్ళ పైనే లేచింది. మా ఆయన దాని చుట్టూ ప్రదక్షిణ చేసినంత పని చేశాడు.

అప్పుడు అత్త బయటికొచ్చింది. "ఏటిరా ఇది? ఏనుగును కొన్నారా?"

తలుపు తీశాం. పాదం ఎత్తింది. సగంలో మోకాలు ఆగిపోయింది. ఇంకో కాలు మార్చి చూసింది. అదీ అంతే. తలుపు పట్టుకుని నా వైపు తిరిగింది.

"అన్నీ కొలిసినావు. నా కాలు కొలిసినావేటే?"

 బట్ట కుట్టే ముందు మనిషిని కొలవాలని ఫ్యాక్టరీలో కొత్త పిల్లలకు నేర్పేదాన్ని నేనే. పూజకు ఇంకా వారమే ఉంది. అత్త అప్పటికే ఉపవాసాలు మొదలుపెట్టింది.

ఎత్తి కూర్చోబెడతానన్నాడు మా ఆయన. "నేను బియ్యం బస్తానా? అందరి ముందరా నన్ను మోసుకుపోతే, కుండ మొయ్యడానికి నాకు మొకముంటాదా?" అంది. దేవుడి పీట తెస్తే, దాని మీద కాలు పెట్టేది లేదంది. చివరికి పక్కింటి నుంచి బీరు సీసాల ప్లాస్టిక్ పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. ఎత్తు, బలం అన్నీ బాగున్నాయి.

"హాయిబో! అమ్మోరికి ఉపోసం ఉండి బీరుపెట్టె తొక్కమంటావా?"

"ఖాళీదే అమ్మా."

"నీ బుర్రలాగ!"

నేను ఇంటి వెనక మెట్ల మీద అత్తను ఎక్కించి, ఆవిడ కాలు సుఖంగా ఎంత లేస్తుందో టేపు పెట్టి కొలిచాను. ఆ కొలతకు పెట్టె సరిగ్గా సరిపోయింది. దాన్ని కడిగి బోర్లించి, పైన చెక్క బిగించి, చెక్క మీద స్పాంజి పరిచి, పసుపురంగు గుడ్డతో తొడుగు కుట్టాను. అంచుకు ఎర్ర పట్టీ వేశాను. ఒక్క కుట్టు బయటికి కనిపించలేదు.

పూజ రోజు పొద్దున్న అత్త తలంటుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. తలుపు కింద పసుపు మెట్టును చూసింది. చేతికర్రతో రెండుసార్లు కొట్టింది. డొల్లగా మోగింది.

"ఇదేటే?"

"మెట్టు అత్తా."

"మెట్టేనా?"

"మెట్టే."

కొడుకు వైపు చూసింది. ఆయన ఆకాశంలో వాన కోసం వెతుకుతున్నాడు. "మెట్టయితే సరే," అని ఎక్కి కూర్చుని, కుండ ఒళ్ళో పెట్టించుకుంది.

గాడులు మొదలవగానే మా ఆయన వేగం తగ్గించాడు. గట్టు మీది గడ్డి పొట్టను సరసరా రాసుకుంటోంది. ఇనుము తగిలే చప్పుడు కోసం నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు. రేకుల కప్పు కనబడగానే అత్త, "ఇంకా ఊపిరి బిగబట్టినావేటే? ఒదిలెయ్యి," అంది.

మొదటి అంబలి అత్తే పోసింది. పోసి, చెయ్యి తుడుచుకుని, తారు రోడ్డు వైపు చూసింది. నడవలేక నడిచి వస్తున్న ముసలమ్మలు గాడుల వెంట కనిపించారు.

"ఎల్లి ఆళ్ళను ఎక్కించుకురా. మెట్టు మర్సిపోకు," అని కొడుకుని తరిమింది.

మధ్యాహ్నం దాకా బక్కీ తిరుగుతూనే ఉంది. దిగిన ప్రతి ముసలమ్మకూ అత్త, "మా కోడలు కుట్టింది," అని మెట్టు చూపించింది. ఆఖరి విడతలో అత్త తోటికోడలు దిగింది. దిగి, వంగి, మెట్టును వేలితో తట్టింది.

"బాగానే ఉంది గాని, లోపలేటున్నాది?"

అత్త లోటా నిండా అంబలి పోసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ముందు ఇది తాగు," అంది.