ఓబుళేశు పథ్యం పట్టీలో ‘పై ప్రకారమే’

కల్లూరులో మా వీధి చివరి ఇంట్లో ఉండే ఓబుళేశు ఇరవై రెండు సంవత్సరాలుగా షేర్ ఆటో నడుపుతున్నాడు. కల్లూరు నుంచి కర్నూలు పాత బస్టాండు దాకా ఏ గుంత ఎక్కడున్నదో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అంతకంటే బాగా తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటిని ఎన్ని గంటలకు తెరుస్తారు, ఏ పెట్రోలు బంకులో అడగగానే తాళంచెవి ఇస్తారు, ఎక్కడ కసురుకుంటారు అన్నది. ఈ రెండో విద్య అతడు కోరి నేర్చినది కాదు, కడుపు నేర్పినది.

నేను ముప్పై నాలుగేళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో నకళ్ల విభాగంలో పనిచేసి విశ్రాంతి పొందాను. ఇప్పటికీ అడిగినవారికి అర్జీలు, ఉత్తరాలు శుభ్రప్రతి తీసి ఇస్తుంటాను. ఓబుళేశు వృత్తాంతంలో నా చేతివ్రాతకు భాగం ఉన్నది కనుక ఆ మాట ముందే తెలియజేయడం న్యాయం.

అతనికి నలభై ఆరో ఏట ఈ బాధ మొదలైంది. పొద్దున బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని ఆటో తీసేవాడు. పది గంటలయ్యేసరికి పొట్ట తప్పెట మాదిరి ఉబ్బేది. నొప్పి మెలిపెట్టేది. ఎనిమిది మందిని ఎక్కించుకున్న బండిని నడిదారిలో ఆపి, ‘ఇప్పుడే వస్తాండా’ అని పరుగెత్తేవాడు. కొన్నాళ్లు అట్లా, మరి కొన్నాళ్లు దానికి పూర్తిగా వ్యతిరేకం, మూడేసి రోజులు కదలిక ఉండేది కాదు. స్టాండులో తోటి డ్రైవరు పీరా ఊరుకునే మనిషి కాదు.

“ఏమప్పా ఓబుళేశూ, అందరి ఆటోలకు మూడు చక్రాలు. నీదానికి మూడు చక్రాలూ, ఒక చెంబూ!”

“నగురా, నగు. నీకొచ్చినప్పుడు చెంబు నేనే తెచ్చిస్తా.”

స్టాండు మొత్తం నవ్వేది, ఓబుళేశు కూడా నవ్వేవాడు. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం భార్య భీమక్కతో, “ఇది లోపల ఏదో పెద్దదే ఉండాది” అని భయపడేవాడు. వాళ్ల నాయన కోడుమూరులో కడుపు నొప్పి, కడుపు నొప్పి అంటూనే పోయాడు. ఏ జబ్బో ఎవరూ చూపించలేదు, ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనమే కొడుకును పట్టుకుని ఉండేది.

చివరికి భీమక్క అతణ్ణి కర్నూలులో ఒక చిన్న క్లినిక్కు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు సుప్రజ గారు రక్తం, మలం పరీక్షలు, కడుపు స్కానింగు చేయించి, అన్నీ సక్రమంగా ఉన్నాయని చెప్పారు. పేగుకు పుండు లేదు, గడ్డ లేదు, అది అతిగా ఉలికిపడే స్వభావం గల పేగు, దానిని ఐబీఎస్ అంటారు, ప్రాణం తీయదు, అయితే తిండిని అదుపులో పెట్టకపోతే బ్రతకనివ్వదు, అన్నారు. ఇవి ఆమె మాటలే.

ఆమె పెట్టిన పథ్యంలో వింత ఏమీ లేదు. వేళకు తినాలి. మధ్యాహ్నం మానేసి రాత్రికి రెండింతలు తినకూడదు. రోజుకు ఎనిమిది టీలు రెండుకు దించాలి. ఎర్రకారం, నూనెలో వేగినవి తగ్గించాలి. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, పాలు, గోధుమ, వీటిని కొన్ని వారాలు ఆపి, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి తిని, ఏది పడుతుందో ఏది పడదో వ్రాసుకోవాలి. అన్నీ ఒకేసారి శాశ్వతంగా మానేస్తే ఒంట్లో బలం పోతుంది కనుక ఆ పని చేయరాదు. రాగి సంగటి, కొర్ర అన్నం, సొరకాయ, బీరకాయ, పడినంత మేరకు పలుచని మజ్జిగ, ఇవి తినవచ్చును.

రాసుకోవడమే ఓబుళేశుకు కష్టమైంది. అతని అక్షరాలు ఆటో గుంతల మీద పోయినట్టే పోతాయి. మొదటి నెల పుస్తకం చూసి డాక్టరమ్మ, “ఇది తెలుగేనా?” అని అడిగిందట. దానితో అతడు ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“రైటర్ సారూ, మీ చెయ్యి ముత్యాల మాదిరి ఉంటాది. నెలకొక్కసారి దీన్ని బాగ రాసియ్యల్ల. నేను చెప్పినా ఆయమ్మకు అర్థం కాల్యా.”

నేను సంతోషంగా ఒప్పుకున్నాను. గళ్లు గీసి పట్టీ తయారు చేశాను: తేదీ, ఆహారం, నొప్పి, విరేచనం తీరు, వారానికొకసారి బరువు. డాక్టరు గారు చెప్పిన నాలుగు హెచ్చరికలను తలభాగంలో ఎర్ర సిరాతో వ్రాశాను. రక్తం పడినా, మలం నల్లగా జిగటగా పోయినా. కారణం లేకుండా బరువు తగ్గినా. నిద్రలోంచి నొప్పి లేపినా. ఆయాసం వచ్చి కళ్లు తెల్లబారినా, పథ్యం వదిలి ఆ రోజే రావలెను. ఆ ‘వలెను’ నేను చేర్చినది. మిగిలినదంతా ఆమె చెప్పినదే.

భీమక్క ప్రతి నెలా ఆ శుభ్రప్రతిని ఫోనులో ఫొటో తీసి పంపేది. డాక్టరు గారు చూసి జవాబు ఇచ్చేవారు. ఒక రోజు ఆటో ఆగితే ఇంటికి ఇబ్బంది కనుక ఆ ఏర్పాటు అందరికీ బాగుండింది. మూడు సంవత్సరాలు నిజంగానే బాగుండింది. వెల్లుల్లి పడదని, ఉల్లికాడ పడుతుందని, టీ రెండు దాటితే తెల్లవారి శిక్ష తప్పదని అతడు కనిపెట్టాడు. చెంబు ఆటోలోంచి దిగిపోయింది. బరువు అరవై రెండు కిలోల దగ్గర నిలబడింది. పీరాకు కూడా కడుపులో మంట వచ్చినప్పుడు ఓబుళేశే పథ్యం చెప్పేంత వరకు వెళ్లాడు.

నిరుడు దీపావళి దాటిన తరువాత మొదటి మార్పు కనిపించింది. నాకు అది మార్పుగా కనిపించలేదు.

నకళ్ల విభాగంలో మాకు నేర్పిన మొదటి నియమం, శుభ్రప్రతిలో ఖాళీ గడి వదలరాదు. వదిలితే దానిలో ఎవరైనా ఏదైనా చేర్చవచ్చును. మూలంలో ఏమీ లేకపోతే పైనున్న గడిని చూసి ‘పై ప్రకారమే’ అని వ్రాయాలి. రెండో నియమం, పై అధికారి చూసే కాగితంలో మర్యాద లేని మాట ఉండరాదు. ఈ రెండు నియమాలతో ముప్పై నాలుగేళ్లలో ఒక్క మెమో లేకుండా గడిపాను.

ఓబుళేశు బరువు చూసుకునే మందుల షాపులో యంత్రం చెడిపోయింది. అతడు ఆ గడిని ఖాళీగా వదిలాడు. నేను ‘పై ప్రకారమే’ అని నింపాను. పై గడిలో అరవై రెండు ఉంది. తరువాతి వారాల్లోనూ అంతే.

కార్తీకంలో ఒక రోజు అతని పుస్తకంలో, విరేచనం తీరు అన్న చోట, ‘నల్లగ, రోడ్డు తారు మాదిరి’ అని ఉంది. నేను పిలిపించి అడిగాను.

“ఇదేమిటి ఓబుళేశూ, ఇట్లా వ్రాశావు?”

“రెండు పూటలా రాగి సంగటి తింటాండా గదా సార్. నల్లటిది తింటే నల్లగ కాక తెల్లగ పోతాదా?” అని నవ్వాడు.

సంగటి తిన్నవాడికి కాస్త ముదురు రంగు రావడం ఈ ప్రాంతంలో అందరూ ఎరిగినదే. అది నాకు సంతృప్తికరమైన సమాధానంగా తోచింది. పైగా తారు అనే పోలిక ఒక డాక్టరమ్మకు పంపే కాగితంలో ఉండదగినది కాదు. పై గడిలో ‘మామూలు’ అని ఉంది. నేను ‘పై ప్రకారమే’ అని వ్రాశాను. మరునాటికీ అదే, ఆ మరునాటికీ అదే. ఆ పదం నా కలం నుంచి అంత సునాయాసంగా జారింది.

సంక్రాంతి నాటికి అతని ఖాకీ చొక్కా భుజాల మీద వేలాడసాగింది. ఒక సాయంత్రం గడప మీద కూర్చుని బెల్టుకు మేకు కాల్చి కొత్త చిల్లు పెడుతున్నాడు. అది మూడో చిల్లు.

“పథ్యం పని చేస్తాండాది సార్. పొట్ట పోయింది చూడు.”

లోపలి నుంచి భీమక్క కేక వేసింది. “పొట్ట ఒకటే పోయిందా? ముఖం యాడికి పోయింది? మెట్లు నాలుగు ఎక్కితే కూసుంటాండావు!”

“నీకు లావుంటే ఒక ఏడుపు, సన్నమైతే ఒక ఏడుపు.”

“సార్, మీరన్నా చెప్పండి. రాత్రిళ్లు నొప్పని లేసి కూసుంటాండాడు.”

నేను పట్టీలో నిద్రకు వేరే గడి లేదన్న సంగతిని గుర్తు చేసుకున్నాను. నొప్పి గడిలో ‘కొద్దిగా’ అని అతడే వ్రాశాడు. ఎర్ర సిరాతో నేనే వ్రాసిన ఆ నాలుగు వాక్యాలు మొదటి కాగితం తలభాగాన ఉన్నాయి. ఆ కాగితం నా సంచిలో, అట్ట కింద, అన్నిటికంటే అడుగున ఉంది. డాక్టరు గారి నుంచి ఆ నెల కూడా అదే జవాబు వచ్చింది: బరువు నిలకడగా ఉంది, బాగుంది, ఇదే పథ్యం కొనసాగించండి. భీమక్క ఆ జవాబును నాకు రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి నమ్మకం కోసం చదివించుకున్నదని అనుకున్నాను. కాదు, అనుమానంతో చదివించుకున్నది.

చైత్రంలో నేను ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలకు వెళ్లాను. కడపలో మా చెల్లెలి ఇంట్లో దిగి, పొద్దున్నే కోదండరాముడి దర్శనం వరుసలో నిలబడి ఉన్నాను. అప్పటికి ఊరు విడిచి ఎనిమిది రోజులు. నెల పట్టీ పంపవలసిన తేదీ దాటిపోయిందన్న మాట నాకు స్ఫురించనే లేదు. ఫోను మోగింది. భీమక్క.

“సార్, మీరు లేరని నేను ఆయప్ప పుస్తకమే ఫొటోలు తీసి పంపిన్యా. అరగంటలో డాక్టరమ్మే ఫోను చేసినాది.”

“ఏమన్నారమ్మా?”

“‘ఈ నల్లగ, తారు మాదిరి అనేది ఎన్నాళ్ల నుంచి?’ అని అడిగినాది. కార్తీకం నుంచి అన్న్యా. ‘నాకు పంపిన దాంట్లో యాడా లేదే, బరువు అరవై రెండు అని ఉండాదే’ అన్నాది. సార్, ఈయప్ప బరువు ఇప్పుడే చూపిచ్చిన్యా. యాభై ఒకటి.”

వరుస ముందుకు కదిలింది. నా వెనుక ఉన్నవారు, “నడువు సామీ, నడువు” అన్నారు. నేను వరుసలోంచి బయటికి వచ్చేశాను. దర్శనం చేసుకోకుండా వెనుదిరగడం నా జన్మలో అదే మొదటిసారి.

మరునాడు మధ్యాహ్నం క్లినిక్కులో డాక్టరు గారి బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఓబుళేశు వంకర అక్షరాలది. ఇంకొకటి నాది, ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల మాదిరి. ఓబుళేశు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కంటి కింది రెప్ప లాగి చూస్తే సున్నపు గోడ రంగు. రక్తం ఉండవలసిన దానిలో సగమే ఉందట.

“అయ్యా, ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఇంకో జబ్బు రాకూడదని రాసి లేదు,” అన్నారు సుప్రజ గారు. కోపం లేని గొంతు అది, అందువల్లనే నేను తలెత్తలేకపోయాను. “సంగటి రంగు వేరు, తారు రంగు వేరు. ఆ మాట ఆయన సరిగ్గా రాశాడు. ఆ ఒక్క మాట నాకు చేరి ఉంటే కార్తీకంలోనే పిలిచేదాన్ని. అయినా ఐదు నెలలు ఫొటోలే చూసి, మనిషిని చూడనిది నా తప్పు.”

ఓబుళేశు కళ్లు తెరిచాడు. “సార్‌ను ఏమనద్దు మేడం. సంగటి అని నేనే చెప్పిన్యా.” “పీరాతో చెప్పు భీమక్కా, చెంబు సిద్ధం చెయ్యమని” అన్నాడు. భీమక్క నవ్వలేదు.

డాక్టరు గారు పంపిన చోట పైనుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి గొట్టం వేసి పేగును చూశారు. పెద్దపేగు కుడివైపున ఏదో పెరిగి ఉంది. దానిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. జవాబు రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఆపరేషన్ ఎట్లాగూ తప్పదని, అది ఎంత దూరం పోయిందన్నదే ఆ జవాబు మీద ఆధారపడి ఉందని చెప్పారు. ఈలోపు రక్తం ఎక్కించారు. పథ్యం కూడా మార్చారు. వెనుక మానినవాటిలో పడేవన్నీ తిరిగి పెట్టమన్నారు, గుడ్డు, మెత్తని పప్పుకట్టు, చేప, బలం వచ్చేవి. వాళ్ల ఇంట్లో కడుపు జబ్బుతో ఎవరైనా పోయారా, నాయనది ఏ జబ్బు అని డాక్టరు గారు అడిగినప్పుడు, ఓబుళేశు నా వైపు చూసి, “తెలీదు అని రాయండి” అన్నాడు.

ఆపరేషన్ చేసే పెద్ద ఆసుపత్రికి ఇవ్వడానికి ఆరు నెలల వివరం ఒక కాగితం మీద కావలెనన్నారు. వేరే ఎవరినైనా చూసుకొమ్మని అన్నాను. భీమక్క ఒప్పుకోలేదు. పుస్తకాన్ని నా ఒళ్లో పెట్టి, “మీరే రాయల్ల సార్. ఈసారి ఆయప్ప రాసింది రాసినట్టు రాయల్ల” అన్నది.

రాశాను. నల్లగ, రోడ్డు తారు మాదిరి. అక్షరం మార్చలేదు. నలభై మూడు రోజులు, నలభై మూడుసార్లు. అతడు బరువు వ్రాయని చోట నేనూ వ్రాయలేదు. అట్లా పదహారు గళ్లు తెల్లగా మిగిలాయి. అన్నిటికీ కింద, ముక్క పరీక్ష ఫలితం అని ఒక గడి గీశాను.

ముక్కను పరీక్షకు పంపి ఇప్పటికి ఎనిమిది రోజులైంది. ఓబుళేశు వేళకు తింటున్నాడు. ఆటో వీధి చివర పట్టా కప్పుకుని నిలబడి ఉంది. పొద్దున పీరా వచ్చి దాని టైర్లకు గాలి కొట్టి వెళ్లాడు. కాగితం నా బల్ల మీదనే ఉంది. ఆ కింది గడిలో వ్రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. దానిని ఖాళీగా వదిలాను.