సరోజనక్క దగ్గర భుజం పాఠం

హనుమకొండలో మా క్లినిక్ కింద ఈమధ్య ఒక టైలర్ షాపు వెలిసింది. మిషను చప్పుడు మెట్లెక్కి వచ్చిందంటే చాలు, పేషెంటు చెయ్యి పట్టుకునే నవ్వేస్తాను. "ఏమైంది మేడం?" అంటారు పాపం వాళ్లు. సరోజనక్క గుర్తొచ్చిందంటే వాళ్లకేం తెలుస్తుంది!

సరోజనక్క వరంగల్‌లో మా పక్కింటి లేడీస్ టైలర్. టేపు మెడలోనే ఉన్నా ముందుగా కొలతలు తీసేది కాదు. "నువ్వేం పని జేస్తవో జర చేసి సూపెట్టు" అనేది. టీచరమ్మ గాలిలో బోర్డు తుడిచేది, ఇడ్లీ బండి ఆమె గాలిలోనే గరిటె తిప్పేది. ఆ వేషాలు చూడటానికే నేను సాయంత్రాలు వెళ్లేదాన్ని.

ఫిజియోథెరపీ మొదటి ఏడాదిలో కీళ్ల ప్రాక్టికల్ తప్పాను. బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు అని చిలకలా అప్పజెప్పి, "ఎందుకు?" అనగానే బిక్కమొహం వేసే రకాన్ని. మళ్లీ తప్పితే చదువు మానేస్తానని ఇంట్లో చెప్పేశాను. ఏడుస్తూ వెళ్తే సరోజనక్క ఓదార్చలేదు, కత్తెర చేతికిచ్చింది.

వర్ధన్నపేట నుంచి మిర్చి యార్డుకు పనికొచ్చే ఎల్లమ్మ రైక గుడ్డ నా ముందు పరిచి కొయ్యమంది. గంపలెత్తే మనిషి కదా, చెయ్యి బాగా ఆడాలని చంక దగ్గర ధారాళంగా కిందికి కోసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. అక్క దాన్ని అలాగే కుట్టిచ్చింది. ఎల్లమ్మ తొడుక్కుని గంప ఎత్తినట్టు చేతులు లేపింది. రైక మొత్తం చేతులతోపాటే లేచింది!

"ఓ పిల్లా, ఇది రైకనా, గొడుగా?" అని ఎల్లమ్మ పడీపడీ నవ్వింది.

సరోజనక్క నా చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పింది. "చంక లోతుగ కోస్తె చెయ్యి రైకను గుంజుతది. మీదికే కోయాలె. గీ భుజం అన్ని దిక్కుల ఎట్ల తిరుగుతాంది మరి?"

"గిన్నె లోతు తక్కువక్కా. గందుకే బంతి మంచిగ ఆడుతది. తుంటికాడ గిన్నె లోతు, గంత తిరగదు, జల్ది జారదు."

"మరి తెల్వదంటివి?"

నిజంగానే నాకు తెలుసు!

రెండోసారి పరీక్షలో, భుజం ఎందుకు తొందరగా జారుతుందని అడిగారు. గంప ఎత్తుతున్నట్టు రెండు చేతులూ లేపి మొదలుపెట్టాను. పరీక్ష పెట్టే సారు నవ్వారు కానీ ఆపలేదు.

పాసయ్యానని చెప్పడానికి పరుగెత్తితే కొట్టు నిండా ఆడవాళ్లు. సరోజనక్క మిషను ఆపి, కుర్చీ తిప్పుకుని, ఎడమ కాలు నా ముందుకు చాపింది.

"ఏడాది సంది మోకాలు నొస్తాంది. దవాఖానకు పోలె. నువ్వు పాసైతె సూపెడ్దామని ఆగిన."

మొదటి ఏడాది పిల్లను, నాకేం తెలుసని! అయినా అందరి ముందూ కూర్చుని, ఆ మోకాలి కింద అరచెయ్యి పెట్టాను. ఆ తర్వాత ఎన్ని మోకాళ్లు పట్టుకున్నానో లెక్కలేదు. నన్ను నమ్మి వాలిన ఆ మొదటి బరువు మాత్రం ఇప్పటికీ నా చేతిలోనే ఉంది.