బావ కోసం వెతికిన బాటలు

చీడికాడ చుట్టూ, కొండల కింద, సైకిల్ తొక్కడానికి పనికొచ్చే గ్రావెల్ బాటలు పదకొండు ఉన్నాయి. నాలుగు కాలువ గట్లు, అయిదు చెరకు తోటల మధ్యవి, ఒకటి పాత క్వారీది. మిగిలిన ఒక్కటి ఎందుకు వేశారో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఒక్కో బాటకీ ఫోన్లో ఒక వరస రాసుకున్నాను: పొడవు, మిట్టలు, రాయి సైజు, కుక్కలు, నీడ, తాగే నీళ్లు. చివరి గడి అన్నిటికంటే ముఖ్యమైనది. అక్కడ గంటసేపు నిలబడితే ఎన్ని బండ్లు వచ్చాయన్నది అందులో ఉంటుంది.

ఇదంతా బావ కోసం చేశాను.

బావ మా అక్క మొగుడు. చీడికాడలోనే కాపురం, హైస్కూల్లో లెక్కల మాస్టారు. స్కూలు అయిదు కిలోమీటర్లు. పద్నాలుగేళ్లు సైకిల్ మీదే వెళ్లొచ్చాడు. రెండేళ్ల కిందట తారురోడ్డు మీద వెనక నుంచి వచ్చిన లారీ అంచు హ్యాండిల్‌కి తగిలి, ఎడమ కాలూ భుజం ఎముకా విరిగాయి. అవి అతుక్కున్నాయి. సైకిల్ తొక్కితే మోకాలు బాగా వంగుతుందని డాక్టర్ కూడా చెప్పాడు. బావ మాత్రం ఆటోలోనే వెళ్తున్నాడు. ఎవరడిగినా మోకాలు నొప్పి అంటాడు.

నొప్పి మోకాలిది కాదని నాకు ఒక సాయంత్రం తెలిసింది. ఇద్దరం టీ బడ్డీకి నడిచి వెళ్తున్నాం. వెనకాల ఆటో చప్పుడైంది. బావ మాట మధ్యలో ఆపి, రోడ్డు దిగి, గడ్డిలో నిలబడ్డాడు. ఆటో వెళ్లిపోయాక పైకి వచ్చి, ఆపిన చోటి నుంచి మాట పూర్తి చేశాడు.

ఆ మర్నాడు అక్క వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది.

"సైకిల్ అమ్మేత్తానంటన్నాడ్రా. ఆళ్ల స్కూల్ అటెండర్ అడిగేడంట, ఇచ్చేత్తాను అంటన్నాడు. అదెల్లిపోతే మరింక ఎక్కడు. మీ బావ సంగతి నాకు తెల్దా?"

నేను అనకాపల్లిలో ఉంటాను. మెకానికల్ డిప్లొమా చేసి, అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఏదైనా మెషిన్ ఆగిపోతే కారణాలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి ఒక్కొక్కటే కొట్టేస్తాం. బావ విషయంలో కూడా అదే చేశాను. బండి చప్పుడు వల్ల భయం. కాబట్టి బండి లేని దారి కావాలి. వానాకాలంలో ఎనిమిది ఆదివారాలు నా సైకిల్ మీద తిరిగి ఆ పదకొండు బాటలూ చూశాను. ఏడో నంబరు బాట అక్క ఇంటి వెనక నుంచే మొదలవుతుంది. ఆరు కిలోమీటర్లు, చెరకు తోటల మధ్య, మిట్టలు తక్కువ, కుక్కలు రెండు. బండ్లు సున్నా.

బావని ఒప్పించేసరికి సంక్రాంతి దాటిపోయింది. అందాకా సైకిల్ అమ్మకుండా అక్క ఆపుతూ వచ్చింది.

"తొక్కక్కర్లేదు బావా. సైకిల్ పట్టుకుని నడువు. నీకు బుద్ధి పుడితే ఎక్కు."

"పుట్టకపోతే?"

"ఆరు కిలోమీటర్లు నడిచినట్టుంటాది."

"సైకిల్‌ని వాకింగుకి తీసుకెల్తన్నానని ఊరంతా నవ్వుతారు." బావ నన్ను కూడా బావా అనే పిలుస్తాడు. "నీకేం బావా, నివ్వు అనకాపల్లి ఎలిపోతావు."

అయినా ఒక ఆదివారం వచ్చాడు. కంకర మీద పట్టు కోసం రెండు సైకిళ్ల టైర్లలోనూ గాలి కొంచెం తీశాను. బావ చెయ్యి హ్యాండిల్ మీద ఉంది, కాలు మాత్రం పెడల్ దగ్గరికి కూడా పోలేదు. నేను నెమ్మదిగా తొక్కుతూ, ఆగుతూ, పక్కనే వెళ్తున్నాను. అటూ ఇటూ చెరకు మా తలల కంటే ఎత్తుగా ఉంది. కొన్ని చోట్ల కోసేసి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చూసినప్పుడే నాకు తట్టాల్సింది, తట్టలేదు.

మూడో కిలోమీటరు దగ్గర బాట వెడల్పవుతుంది. అక్కడ దారి కనబడకుండా ఉలవ పంట పరిచి ఉంది. ఒక ముసలమ్మ కర్రతో దాన్ని తిరగేస్తోంది. మా వైపు ఇలా పంటని రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బండ్లే నూర్చేస్తాయి. నేను దిగి, సైకిల్ ఎత్తి పక్క నుంచి దాటబోయాను.

"ఓలమ్మో, ఎందుకు నానా ఎత్తుతావు? దాని మీంచి తొక్కీ!"

"పాడైపోద్దేమో అమ్మా."

"పాడవడానికే కదేటి ఏసింది! పొద్దున్నించి సూత్తన్నాను, ఒక్క బండి రాలేదు. తారురోడ్డు మీద ఏద్దారంటే అక్కడ జాగా ముందే పట్టీసేరు." ఆమె బావ వైపు చూసింది. "ఆ బాబు సైకిలేటి, పాడయిందా?"

"సైకిల్ బాగానే ఉంది," అన్నాడు బావ.

"మరి నివ్వు పాడయ్యేవా?"

బావ నవ్వాడు. నేను ఉలవల మీంచి ఒకసారి తొక్కాను. కాయలు మెత్తగా అణిగాయి తప్ప పగల్లేదు. ఆగి ఆలోచించాను. టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే కింద పడే ఒత్తిడి అంత ఎక్కువ. గాలి తీసి నేనే చెడగొట్టాను. పంపు తీసి రెండు సైకిళ్లకీ గాలి కొట్టాను. ఈసారి టపటపా పగిలాయి. ముసలమ్మ గుప్పెడు తీసి ఊది చూసి, "రాల్తన్నాయి, రాల్తన్నాయి" అంది.

నేను ఆ చివరి నుంచి ఈ చివరికి గీత గీసినట్టు తొక్కుతున్నాను. బావ గట్టు మీద కూచుని కాసేపు చూశాడు.

"పరిచింది పన్నెండడుగుల వెడల్పు. నీ టైరు ఆనేది మూడు సెంటీమీటర్లు. ఇలాగయితే నూట ఇరవై రెండుసార్లు తొక్కాలి."

"తొక్కుతాను."

"తిన్నగా తొక్కితే ముందు చక్రం పోయిన దారినే ఎనక చక్రం పోతాది బావా. గుండ్రంగా తిరుగు. అప్పుడు ఎనకది లోపలి నుంచి పోద్ది. ఒక రౌండుకి రెండు గీతలు."

నేను గుండ్రంగా తిరగబోయాను. ఉలవల మీద చక్రం జారి రెండుసార్లు కాలు పెట్టాను.

"అలాగ్గాదు. అంత సిన్నదెందుకు? కొంచెం పెద్దది తీసుకో. అబ్బా... లే, లేవయ్యా!"

నేను పక్కకి తప్పుకునేసరికి బావ సైకిల్ మీద ఉన్నాడు. ఎడమ మోకాలు కొంచెం బయటికి వంచి, పెదాలు బిగించి, ఒక రౌండు తిరిగాడు. రెండోది కొంచెం లోపలికి. ముసలమ్మ మధ్యలో నిలబడి కర్రతో తిరగేస్తూ, "అటు బాబూ, అటు, ఆ మూలకి" అని దారి చూపిస్తోంది. నేను లెక్కపెడుతున్నాను. పన్నెండో రౌండులో ఉండగా తోట వెనక నుంచి ట్రాక్టర్ చప్పుడు వినిపించింది.

అప్పుడు వెలిగింది నాకు. నేను ఈ బాట చూసింది వానల్లో. అప్పుడు చెరకు నిలబడి ఉంటుంది, తోటలోకి ఎవరికీ పని ఉండదు. ఇప్పుడు కోతలు. క్రషర్‌కి చెరకు మోసే ప్రతి ట్రాక్టరూ ఇదే దారిలో రావాలి. బెల్లం వాసన మధ్య పుట్టి పెరిగినవాణ్ని, నా పట్టికలో నెల రాసుకోవడం మర్చిపోయాను.

బావ సైకిల్ వదిలేశాడు. దిగలేదు, వదిలేశాడు. అది ఉలవల మీద పడింది. తను పక్కన తోటలోని కాలవ బోదెలోకి దిగి, చెరకు మోడుల మధ్య నిలబడ్డాడు. నేను సైకిల్ లాగేసరికి ట్రాక్టర్ వచ్చేసింది. ముసలమ్మ చెయ్యెత్తి డ్రైవర్ని ఆపింది.

"నిదానంగా ఎల్లరా, ఇటు పక్క నుంచి ఎల్లు."

"ఇద్దర్ని కూలికెట్టేవేటి పిన్నీ?" అన్నాడు డ్రైవర్ నవ్వుతూ.

"కూలెవుడిత్తాడు, ఊరికే తొక్కుతున్నారు. నీ కంటే నయం."

ట్రాక్టర్ ఉలవల మీంచి ఒకసారి వెళ్లిపోయింది. బావ చాలాసేపటికి పైకి వచ్చాడు. చేతులు జేబులో పెట్టుకున్నాడు.

"ఇంక నడుద్దాం బావా," అన్నాడు.

"నా తప్పే. కోతలు సూసుకోలేదు."

"నీ తప్పేటుంది."

 వెళ్తుంటే ముసలమ్మ, "రేపు ఇంకో సెక్క పంట పరుత్తాను నానా" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా.

వెనక్కి మూడు కిలోమీటర్లూ సైకిళ్లు తోసుకుంటూ నడిచాం. రాత్రి అనకాపల్లి వచ్చాక ఏడో నంబరు వరసలో సున్నా కొట్టేశాను. అది కాక మిగిలిన పదిలో నాలుగు చెరకు తోటలవే. అవి కూడా కొట్టేశాను. అటెండర్ ఆ వారంలోనే వచ్చి సైకిల్ తీసుకెళ్తాడని అనుకుంటూ పడుకున్నాను.

సోమవారం సాయంత్రం షిఫ్టులో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"మీ బావ స్కూల్నించి వచ్చేడు, టీ తాగేడు, మరి కనపళ్లేదు. సైకిలూ లేదు. అమ్మేసేడేమోనని అటెండర్‌కి ఫోన్ సేసేను. నాకాడికి రాలేదన్నాడు."

గడియారం చూశాను. అయిదున్నర. పొద్దున్నించి కోసిన చెరకంతా క్రషర్లకి వెళ్లే వేళ. బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి ఎత్తాడు. ఆయాసపడుతున్నాడు.

"ఎక్కడున్నావు బావా?"

"ఉలవల కాడ."

"ట్రాక్టర్లు వత్తాయి ఇప్పుడు."

"వచ్చేయి. మూడు."

కన్వేయర్ చప్పుడుకి చెవి మూసుకుని నిలబడ్డాను.

"మూడింటికీ దిగిపోయేను," అన్నాడు బావ. "మొదటిదానికి బోదెలోకి పోయేను. రెండోదానికి గట్టు కాడే ఆగేను. మూడోది ఎల్తంటే సైకిల్ పట్టుకునే ఉన్నాను. ఎల్లేక మళ్లీ ఎక్కేను."

"కాళ్లు?"

"వణుకుతున్నాయి. వణికితే వణకనీ." వెనక ముసలమ్మ ఏదో అరుస్తోంది. "ఉండమ్మా, వత్తన్నాను! బావా, మీ అక్కకి సెప్పు, పొద్దుగూకేలోపు వచ్చేత్తాను. ఇంకా సగం ఉంది ఇక్కడ, ఫోన్ పెట్టీ."