పది తలలు, కూర్మారావు చెయ్యి

పోయిన దసరాకి హిందీ ఊళ్లోని సీతారాండేరా పేటలో తెలుగువాళ్ల పందిట్లో, మైకు పెట్టి మరీ, కూర్మారావు పరువు తీశారు. రావణుడి బొమ్మ ఆగిపోవడానికి కారణం ఆయనేననీ, ఇకమీదట పందిట్లో దేనిమీదా ఆయన చెయ్యి పడకూడదనీ పందిరి కమిటీ సెక్రటరీ పోలరాజు ప్రకటించాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే కూర్మారావు దేన్నైనా లాగి చూడనిదే నమ్మడు.

ఉక్కు ప్లాంటులో బరువులకు గొలుసులు కట్టే పని చేసి రిటైరయ్యాడు. అక్కడ కట్టు లాగి చూడకుండా క్రేనుకి సైగ చెయ్యరు. ఆ అలవాటు మాత్రం ఆయనతోపాటు రిటైరవలేదు. ఆటో ఎక్కేముందు దాని కడ్డీ లాగుతాడు. చొక్కా కొంటే కొట్లోనే గుండీలు లాగి, ఊడినవి కొట్టువాడి చేతిలో పెట్టి, ముందే తెలిసింది నయమని చెప్పి వస్తాడు. మేనల్లుడి పెళ్లిలో మూడు ముళ్లూ పడగానే వంగి తాళి లాగబోతే, భార్య పైడమ్మ ఆ చెయ్యి పట్టుకుని భోజనాల దాకా వదల్లేదు.

"ముడి వదులుగుందే," అని ఆయన పప్పన్నం ముందు కూర్చుని కూడా గొణిగాడు.

ఆ రావణుణ్ణి చేసింది పాలిటెక్నిక్‌లో చదివే సౌజన్య. పది థర్మాకోల్ తలలు, ప్రతి తల కిందా ఒక చిన్న సర్వో మోటారు. ఏది ఎటు తిరగాలో చెప్పేది అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డు. బొమ్మ ఆగిపోయి జనం ఆమె వైపు తిరిగేలోగా కూర్మారావు ముందుకొచ్చి, "నానే వైరు లాగీసినాను," అన్నాడు. సౌజన్య కూడా నమ్మింది. నమ్మి, ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు.

ఈ దసరాకి పోలరాజు తేల్చి చెప్పాడు. మళ్లీ ఆగిందంటే బొమ్మ గోదాములోకి, పందిరి పనులన్నీ మగపిల్లలకి. కూర్మారావును మాత్రం దూరంగా, గేటు దగ్గర చెప్పుల కాపలాకి పెట్టారు. ఆయన అక్కడా ఊరుకోలేదు. వచ్చిన ప్రతి చెప్పుకీ పట్టీ లాగి చూస్తున్నాడు.

ఇంకాసేపట్లో జనం వస్తారనగా సౌజన్య తలల్ని ఒక్కొక్కటిగా తిప్పింది. అన్నీ బుద్ధిగా తిరిగాయి. అన్నీ ఒకేసారి తిప్పమన్నాడు పోలరాజు, చేతులు కట్టుకుని. పది తలలూ కలిసి కదిలాయి, చలిజ్వరం వచ్చినట్టు వణికాయి, ఆగిపోయాయి.

"ఆ ముసిలాడేడీ?" పోలరాజు గిరుక్కున తిరిగాడు.

కూర్మారావు గేటు దగ్గరే ఉన్నాడు. ఒక చేతిలో ఎవరిదో చెప్పు, రెండో చేతిలో దాని పట్టీ.

సౌజన్య బోర్డు వైపు చూసింది. దాని లైటు ఆరి, వెలిగి, మళ్లీ ఆరింది. అప్పుడు తెలిసింది. పది మోటార్లకీ కరెంటు ఆ బోర్డు నుంచే ఇచ్చింది తను. ఒక్క తలైతే మోస్తుంది. పదీ కదిలితే కూలబడి, మళ్లీ మొదటినుంచి లేస్తుంది. పోయినేడు ఆగిందీ అచ్చం ఇలాగే.

"కూర్మారావు తాతయ్య లాగలేదు. గల్తీ నాదే," అంది.

"మరి ఆయనే ఒప్పుకున్నాడు కదేటి?" అన్నాడు పోలరాజు.

జనం వచ్చే వేళయింది. రంగు దీపాలవాళ్ల దగ్గర ఐదు వోల్టుల పవర్ సప్లై ఒకటి దొరికింది. మోటార్లకు కరెంటు దాన్నుంచి ఇచ్చి, దాని నెగటివ్ తీగను బోర్డు నెగటివ్‌తో కలిపింది. ఆ రెండూ కలవకపోతే బోర్డు చెప్పేది మోటార్లకు అర్థం కాదు. బయట డప్పులు మొదలయ్యాయి. స్విచ్ మీద చెయ్యి వేసి, తీసేసి, గేటు వైపు పిలిచింది.

"తాతయ్యా, ఇధర్ ఆవో. లాగి చూడు."

పోలరాజు కళ్లు మూసుకున్నాడు. కూర్మారావు చేతులు పంచెకు తుడుచుకుని, వైర్లు ఒక్కొక్కటే లాగాడు. ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది.

"ఇది వదులుగుందమ్మా," అన్నాడు, చెప్పు పట్టీ సంగతి చెప్పినంత మామూలుగా.

అది ఆ నెగటివ్ తీగే. ఆమె దాన్ని స్క్రూ కింద బిగించింది. ఆయన మళ్లీ లాగి, తల ఊపాడు. స్విచ్ వేసింది.

పది తలలూ తిరిగాయి. తిరిగి తిరిగి ఇరవై కళ్లూ తన మీద ఆగేసరికి పోలరాజు కండువా సర్దుకున్నాడు.

కూర్మారావు ఆమెకు మళ్లీ కనిపించింది పండగ వెళ్లాక, సిద్ధగోరా బజార్లో. పలకరింపు కంటే ముందు ఆమె బ్యాగు పట్టీ లాగి చూశాడు. చెయ్యని తప్పు ఎందుకు నెత్తిన వేసుకున్నావని ఆమె అడిగింది.

"నానంటే ఎవులైనా నమ్మేత్తారమ్మా," అన్నాడు. "నీదని తేలితే మళ్లీ నిన్ను దాన్ని ముట్టనిత్తారేటి?" పట్టీ ఇంకోసారి లాగాడు. "గట్టిగానే ఉంది. ఎల్లు."