ఐదో తీగ

క్లేర్ తీరంలోని మా పబ్బుకి ఆదివారం మధ్యాహ్నం డెక్లన్ హెహిర్ వచ్చాడంటే ముందు అతను అప్పుడే కోసొచ్చిన పచ్చిగడ్డి వాసన వస్తుంది, తర్వాత బాంజో, దాని వెనక మనిషి. బల్ల చుట్టూ చేరి పాటలు వాయించేవాళ్ల మిగతా బాంజోలన్నీ నాలుగు తీగలవే, ఇతనిది ఐదు. "నీ బాంజోకి ఒక తీగ ఎక్కువ, నీకో స్క్రూ తక్కువరా!" అంటుంది ఫిడేలు వాయించే పెద్దావిడ పెగ్ టాల్టీ, వారం వారం. అతను మీసాలకంటిన నల్లబీరు నురగ తుడుచుకుని, మిగతావాటికంటే పొట్టిదైన ఆ ఐదో తీగను బొటనవేలితో మీటుతాడు. అది ఎప్పుడూ ఒకటే శ్రుతి పలుకుతుంది. అందుకే పెగ్ బాణీ మార్చి శ్రుతి పెంచినప్పుడల్లా డెక్లన్ వాయించడం ఆపి గ్లాసు అందుకునేవాడు.

మొన్న ఆదివారం ఆవిడ కావాలనే పెంచింది. డెక్లన్ ఆగలేదు! ఐదో తీగను చటుక్కున లాగి, బాంజో మెడకు కొత్తగా తిప్పి బిగించిన బుల్లి మరమేకు తల కిందికి తోశాడు. తీగ ఇంకా పొట్టిదై, ఆవిడ పెంచిన శ్రుతిలోనే ఖంగుమంది, వేళ్లు దౌడు తీశాయి. వేణువు ఆగింది, అకార్డియన్ ఆగింది, బూట్లు మాత్రం నేలమీద దరువేస్తూనే ఉన్నాయి. పెగ్ కమాను దించి, మెడ సాచి ఆ మేకుని చూసి, పబ్బు అదిరేలా కేకేసింది:

"దొరికిందర్రా! వీడి స్క్రూ దొరికింది!"