ఒక్క ఫొటో మావయ్య

ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆయన్ని పిల్లలంతా "ఒక్క ఫొటో మావయ్య" అంటారు. పసి ఒంటికి ఆ కిరణాలు రెండోసారి తగలడం ఆయనకు బొత్తిగా గిట్టదు. చల్లటి పలకను అరచేతులతో రుద్ది, కాస్త వెచ్చబడ్డాకే పిల్లల ఛాతీని దానికి ఆనిస్తాడు. "ఊపిరి బిగబట్టు బంగారం!" అంటూ తానూ బుగ్గలు పూరిస్తాడు. ఫొటో తీసి, "ఇక వదిలెయ్!" అంటాడు. "రెండోది తియ్యాల్సొస్తే తప్పు నాదే, పిల్లలది కాదు" అంటాడు. ఇరవై ఏళ్లలో ఆ అవసరం రాలేదు.

మొన్న పొద్దున దగ్గుతో వచ్చిన ఏడేళ్ల పాప గుంజలా నిలబడింది. తెర మీద ఫొటో పడగానే ఆయన కొయ్యబారిపోయాడు. గుండె పక్కన పిడికిలంత తెల్లటి ముద్ద. రక్త క్యాన్సర్ అని తేలిన పిల్లల ఫొటోల్లోనే ఆయన అలాంటిది చూశాడు.

"సరిగ్గా రాలేదా అన్నయ్యా?" అంది పక్కనే నిలబడ్డ పాప తల్లి.

"పాప కదిలిందమ్మా... ఇంకోటి తీద్దాం" అని నోటికొచ్చింది అనేశాడు.

ఎర్రబడ్డ మొహంతో పాప బుస్సున గాలి వదిలింది.

"నేను కదల్లేదు మావయ్యా! నువ్వే వదిలెయ్ అనలేదు."